రెండు వేల అంగిని ఆల్ట్రేషన్‌ల ఆగం చేసిండు: తప్పు నాదా, దర్జీదా?

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
జెర న్యాయం చెప్పుండ్రి. మా బావమరిది ఎంగేజ్‌మెంట్‌కని 1,899 పెట్టి తెల్ల ఫార్మల్ అంగి తీస్కున్న. 40 సైజు ఏస్తే పొట్ట కాడ గుండీలు లాగుతున్నయని 42 తీస్కున్న, ఇగ పొట్ట కాడ సాఫీగనే ఉన్నది గాని భుజాలు జారుతున్నయి, చేతులు అరచెయ్యి సగం దాకా వస్తున్నయి. హన్మకొండ చౌరస్తా దిక్కు ఒకాయనకు ఇచ్చిన. సైడ్లు, చేతులు కలిపి 120 అన్నడు, 100 తీస్కో అంటే ఒప్పుకోలే. గంటల ఇచ్చిండు. ఇంటికొచ్చి ఏస్కుంటే గుండీల మధ్యలకెల్లి బనీన్ కనబడుతున్నది, చెయ్యి లేపితే కఫ్ మోచేయి దిక్కు ఉరుకుతున్నది, అంగి ప్యాంట్లకెల్లి బయటపడుతున్నది. భుజాలు మాత్రం ఎప్పటిలెక్కనే జారుతున్నయి. ఫంక్షన్‌కు పాత చెక్స్ అంగి ఏస్కొని పోయిన, ఫోటోలల్ల మా అత్తమ్మ పక్కకు నేను డ్రైవర్ లెక్క నిలబడ్డ. గీ ఆల్ట్రేషన్ అనేదే దండుగనా?

పరకాల_పోరడు:
42 అంటే ఛాతీ 42 ఇంచులు భయ్. నీ ఛాతీ అంత లేకుంటే ఎందుకు తీస్కున్నవ్?

మిల్లుకాలనీ_బాపు:
తమ్మీ, తప్పు కుట్టినోనిది కాదు, కొన్న నీది. రెడీమేడ్ అంటే ఎవ్వని ఒంటికో కుట్టిన అంగి. మా నాయిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల చేసిండు, బట్ట చేత్తోని పట్టుకొని చెప్పెటోడు తడిస్తే ఎంత గుంజుకుంటదో. ఇప్పటికి నేను దుకాణంల కుట్టిన అంగి ఒక్కటి ఏస్కోలే. 58 ఇంచుల వెడల్పు బట్ట 1.6 మీటర్లు తీస్కొని, రాత్రి నీళ్లల్ల నానబెట్టి, ఆరినంక దర్జీకి ఇచ్చుడు. లోపట మడతల రెండు దిక్కుల బట్ట ఉంచుతడు, పొట్ట పెరిగితే ఇప్పుకోవచ్చు. మీ రెడీమేడ్ల గా మడత ఉంటదా? దారం పోగంత ఇడువరు. కోసి మళ్ళ కుట్టిచ్చుడు అంటే పెళ్ళైనంక పిల్లను చూసొచ్చినట్టు.

కాజీపేట_జంక్షన్:
బాపూ, కుట్టుకూలి ఇప్పుడు ఎంతున్నదో తెలుసా. బట్ట, కూలి కలిపితే ఆఫర్ల మూడు అంగీలు వస్తయి.

సుద్దగీత:
నేను ఇదే పని చేస్త, అందుకని చెప్తున్న. ముందు మెడ సంగతి. పరకాల తమ్మీ, ఫార్మల్ అంగీలకు చాలా కంపెనీలు రాసే 39, 40, 42 అనేది మెడ సెంటీమీటర్లు. 42 అంటే పదహారున్నర ఇంచుల మెడ. పొట్టను చూసి మెడ పెంచుకుంటే భుజం కూడా దాంతోనే పెరుగుతది, అందుకే నైట్‌షిఫ్ట్ అన్నకు జారుతున్నది.
ఇగ ఆల్ట్రేషన్. సైడ్లు తగ్గించుడు అల్కటి పని. వెనుక నడుము కాడ రెండు డాట్స్, అంటే బట్టను చిటికెడు లోపలికి మడిచి కుట్టే కుట్లు, ఏసుడు ఇంకా అల్కటిది, ఛాతీని ముట్టుకోకుంట నడుము ఒక్కటే దగ్గరికొస్తది. చేతులు తగ్గించాల్నంటే కఫ్ ఇప్పి, కోసి, కుచ్చులు సరిచేసి మళ్ళ కఫ్ ఎక్కించాలె. ఇంచున్నర దాటి కోస్తే కఫ్ మీది చీలిక పొట్టిగైతది. భుజం తగ్గించుడు మాత్రం పెద్ద పని, చెయ్యి మొత్తం ఊడదీసి, భుజం కోసి, చంక గుండ్రం మళ్ళ కలపాలె, గంటల అయ్యేది కాదు. కొనేటప్పుడు భుజం, మెడ సరిపోతే చాలు, మిగతాది మేం చూసుకుంటం. నువ్వు ఉల్టా కొన్నవ్.
ఒక్కటి అడుగుత, ఆయన అంగి నీ మీద ఏసి పిన్నులు పెట్టి గీత కొట్టిండా?

పరకాల_పోరడు:
మెడ కాదక్కా, ఛాతీ. నా టీషర్ట్ మీద 42 ఉన్నది, టేప్ పెట్టి కొలిచిన.

నర్సంపేట్_అక్క:
టీషర్ట్‌కు కాలర్ ఏడిది తమ్మీ

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
మీద ఏసి చూడలే అక్కా. కొలతకని నాకు పట్టే ఇంకో అంగి ఆదిగ ఇచ్చిన, దాని లెక్కన చేసిండు.

మిల్లుకాలనీ_బాపు:
బిడ్డా సుద్దగీత, చెయ్యి లేపితే అంగి బయటికి వస్తున్నదంటే చంక టైట్ అయినట్టు. చంక కిందికి ఉండాలె, లూజ్ ఉండాలె, అప్పుడే చెయ్యి ఆడుతది. మా దర్జీ చంకల నాలుగు వేళ్లు పట్టేటట్టు కుట్టేటోడు.

సుద్దగీత:
కాదు బాపూ, ఇక్కడనే అందరు తప్పు పడతరు. చంక ఎంత కిందికుంటే చెయ్యి లేపినప్పుడు ఒంటి మీది బట్ట మొత్తం అంత మీదికి లేస్తది. చంక మీదికుండి, చెయ్యి కాడ కొంచెం వెడల్పు ఉంటే అంగి ప్యాంట్లనే ఉంటది. రెడీమేడ్ల చంక కిందికి కోస్తరు, ఎందుకంటే అన్ని ఒళ్లకు పట్టాలె. సైడ్లు గుంజి కుట్టి చంక గట్లనే ఇడిస్తే ఈ అన్నకు అయినట్టే అయితది.

మిల్లుకాలనీ_బాపు:
నలభై ఏండ్ల సంది అంగీలు కుట్టించుకుంటున్న. నాకు చంక నేర్పకు.

సుద్దగీత:
కుట్టించుకునుడు వేరు, కుట్టుడు వేరు.

కాజీపేట_జంక్షన్:
అసలు ప్రశ్న ఏందంటే ఆ ఆది అంగి ఎప్పటిది?

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
2019 ది. ఫస్ట్ జాబ్ ఇంటర్వ్యూకు కుట్టించింది. దాని ఫిట్టింగ్ సూపర్ ఉండె.

నర్సంపేట్_అక్క:
అయ్యో దేవుడా

కాజీపేట_జంక్షన్:
అన్నా ఆయన 2019 నిన్ను మళ్ళ తెచ్చిచ్చిండు, 120 కి అది చీపే.

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
నవ్వుడు బంద్ చెయ్యుండ్రి. ఆయన నన్ను చూసిండు కదా, పొట్ట కనబడుతలేదా? ఆది చూసి, మనిషిని చూసి, అన్నా ఇది పట్టదు అనాలె కదా. పైసలు తీస్కున్నంక జిమ్మేదారి ఉండదా? ఆల్ట్రేషనోళ్లందరు గంతే, రెండు కుట్లేసి ఓవర్‌లాక్ కొట్టి పడేస్తరు, కంపెనీల లోపలి అంచు కనబడకుంట మడిచి రెండు కుట్లేస్తరు, వీళ్లు అది ఇప్పి ఒక్క కుట్టు ఏస్తరు. దొంగపని.

సుద్దగీత:
ఆగు. దొంగపని అనకు. గా డబుల్ కుట్టు మళ్ళ ఏయాల్నంటే పక్క మొత్తం చంక నుంచి కఫ్ దాకా ఇప్పాలె. 1,899 దుకాణంల బేరం చెయ్యకుంట ఇస్తరు, 120 కాడ 20 తగ్గించుమంటరు. గంటల కావాల్నంటరు. మీద ఏసి చూస్తా అంటే టైమ్ లేదంటరు. పొట్ట పెరిగింది అని దర్జీ అంటే కోపమొస్తది, అనకుంటే జిమ్మేదారి లేదు. ఏం చెయ్యాలె?

మిల్లుకాలనీ_బాపు:
గందుకే అంటున్న, దర్జీలను మర్యాద చేసేటోళ్లం మేమే. రెడీమేడ్ వచ్చి వాళ్ల నోట్ల మట్టి కొట్టింది. మేం మాత్రం మా దర్జీని ఇడువలే.

సుద్దగీత:
బాపూ, ఏమనుకోకుండ్రి. మా నాయిన మిషిన్ మీద నలభై ఏండ్లు కూసున్నడు. ఆయన పోయినంక డ్రాయర్ల నోట్‌బుక్ దొరికింది. అన్ని ఉద్దెరలే. సార్లు, పటేండ్లు, ఆఫీసుల పెద్దమనుషులు. దసరాకు ఇస్త, సంక్రాంతికి ఇస్త. బతుకమ్మ పండుగలు నడిచినన్ని దినాలు రాత్రి రెండింటి దాకా కుట్టి ఇస్తే పైసలు మాత్రం మళ్ళ పండుగకు. మీరు ఇడువలేదన్నరు, నేను నమ్ముత. మరి మీ దర్జీకి ఎప్పుడు పైసలిచ్చిండ్రు, అంగి తీస్కున్న నాడేనా?

మిల్లుకాలనీ_బాపు:
నేను ఎవ్వనికీ బాకీ లేను. మా దర్జీ ఇంట్ల మనిషసొంటోడు. బిడ్డ పెండ్లికి బియ్యం పంపిన. ఉద్దెర అంటే నమ్మకం, నీకు తెల్వది.

సుద్దగీత:
నమ్మకం మీ దిక్కే ఉండె. బియ్యం మా ఇంటికి కూడ వచ్చినయి. దారం రీలు దుకాణపోడు బియ్యం తీస్కోడు.

పరకాల_పోరడు:
నేను షోరూమ్‌ల అడిగిన. ఫార్మల్ అంగీ మీద మెడనే అన్నడు. అయినా నా టీషర్ట్‌ది ఛాతీనే.

నర్సంపేట్_అక్క:
తమ్మీ పడుకో

సుద్దగీత:
నైట్‌షిఫ్ట్ అన్నా, అంగి లోపల తిప్పి చూడు. సైడ్ల మిగిలిన బట్ట కోసిండా, మడిచి లోపలనే ఉంచిండా?

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
ఇప్పుడే చూసిన. కొయ్యలే. రెండు దిక్కుల మడిచి లోపల కచ్చా కుట్టు ఏసి ఉంచిండు, ఒక్కో పక్క ఇంచు పైననే ఉన్నది. చేతులు మాత్రం కోసిండు.

సుద్దగీత:
చూసినవా, తెలిసే ఉంచిండు. మళ్ళ వస్తవని. సైడ్లు ఇప్పితే పాత 42 అయితది, అప్పుడు ఒంటి మీద ఏసి వెనుక డాట్స్ ఏయించుకో. చేతులు ఇగ పెరగయి, మోచేతి దాకా మడుచుకో. భుజం ముట్టుకోకు.

మిల్లుకాలనీ_బాపు:
మా దర్జీకి పోయిన దసరావి రెండు అంగీల పైసలు ఉన్నయి. రేపు అటు దిక్కు పోయే పని ఉన్నది.

నయీంనగర్_నైట్‌షిఫ్ట్:
అక్కా, రేపు నేనూ పోత. ఆయన కుట్టిందే ఇప్పుతడు కదా, మళ్ళ పైసలు అడుగుతడా?

సుద్దగీత:
అడుగుతడు. ఇయ్యి.