ఆన్‌లైన్ ఎంకాంకు కరపత్రంలో వేసిన ఫీజు కాక ఇంకా ఎంత అవుతుంది?

జీడితోట:
మాది పలాస దగ్గర పల్లెటూరు. మా చెల్లెలు బీకాం పూర్తిచేసి, జీడిపప్పు కార్ఖానాలో లెక్కలు రాస్తూనే ఆన్‌లైన్‌లో ఎంకాం చదువుతానంటోంది. కరపత్రంలో ఫీజు ఒక్కటే ఉంది. ఇంటర్నెట్‌కూ పుస్తకాలకూ పరీక్షలకూ విడిగా ఎంత అవుతుందో, ఫోనుతో నెట్టుకురావచ్చో లేక ల్యాప్‌టాప్ తప్పదో, ఈ పట్టా రేపు లెక్చరర్ ఉద్యోగానికి చెల్లుతుందో లేదో చదివినవారు చెప్పగలరు. అన్నీ కలిపి ఏడాదికి 30,000కు మించి పెట్టలేం.

కిస్తీలవాడు:
ముందు ఫీజు ఎలా కడతారో చూసుకోండి, మిగతావి తర్వాత. నేను 2022లో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ ఎంబీఏలో చేరాను. ఫోనులో మాట్లాడిన కౌన్సెలర్ నెలకు ఇంత కడితే చాలు, వడ్డీ లేదు అన్నాడే గాని, అది నా పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పు అని చెప్పలేదు. ఓటీపీ అడిగితే చెప్పేశాను. రెండో సెమిస్టర్‌లో నాన్నకు గుండె ఆపరేషన్ జరిగి చదువు మానేశాను. కిస్తీ మాత్రం ఆగలేదు. ఆపమని రాస్తే విశ్వవిద్యాలయం కంపెనీని అడగమంది, కంపెనీ విశ్వవిద్యాలయాన్ని అడగమంది. సిబిల్ స్కోరు పడిపోయి, మొన్న బండికి లోన్ కూడా రాలేదు.

చింతపల్లి చలి:
ఇక్కడ అందరూ రూపాయల లెక్క చెబుతారు గాని సిగ్నల్ లెక్క చెప్పరు. 2020 లాక్‌డౌన్‌లో నేను డిగ్రీ రెండో ఏడాది. మా ఊరిలో సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. వానకాలంలో గొడుగు కింద ఫోను పట్టుకొని కూర్చుంటే పాఠం సగం వినిపించేది, సగం మా తమ్ముడి పాఠానికి పోయేది, ఎందుకంటే ఇద్దరికీ ఫోను ఒకటే. చివరికి వారానికి రెండుసార్లు నర్సీపట్నం వెళ్ళి బంధువుల ఇంట్లో వీడియోలన్నీ దింపుకొని వచ్చేదాన్ని. ఆ రానుపోను ఛార్జీలు ఆ ఏడాది నా కాలేజీ ఫీజును దాటిపోయాయి.

విశ్రాంత ఆచార్యుడు:
ఇరవై ఆరేళ్ళు దూరవిద్యలో పనిచేసినవాడిగా చెబుతున్నాను. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. ఈనాటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దేశమంతటికీ దూరవిద్య నడిపే కేంద్ర విశ్వవిద్యాలయం ఇగ్నో వచ్చింది ఆ తర్వాత, 1985లో. ఆనాడు రేడియో పాఠాలు, పోస్టులో పుస్తకాలు తప్ప మరేమీ లేకుండానే వేలమంది పట్టాలు పుచ్చుకున్నారు. ఈనాటివారికి అన్నీ అరచేతిలో ఉన్నా ఖర్చు, ఖర్చు అంటూ వాపోవడం నాకు అర్థం కాదు. డిజిటల్ పాఠ్యపుస్తకాలు చాలని రాసిస్తే ఇగ్నో ప్రోగ్రామ్ ఫీజులో 15 శాతం తగ్గిస్తుంది. కళ్ళెదుట ఉన్న రాయితీని వాడుకోకపోతే ఎవరిది తప్పు?

కాగితం పులి:
మాస్టారూ, ఆ రాయితీ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. నేను చేరిన వేరే చోట కూడా అలాంటిదే ఉంది. నాకు తగ్గింది 1,350 రూపాయలు. ఏడాదికి ఎనిమిది పేపర్లు, పేపరుకు 300 పేజీలు, మా మండల కేంద్రంలో ప్రింటు పేజీకి 2 రూపాయలు. మొత్తం 4,800 అయింది. ఇదివరకు వాళ్ళే అచ్చువేసి పంపే పుస్తకాన్ని ఇప్పుడు నా డబ్బుతో నేనే అచ్చువేసుకుంటున్నాను, పైగా దానికి రాయితీ అని పేరు.

విశ్రాంత ఆచార్యుడు:
ప్రింటు తీయమని మిమ్మల్ని ఎవరు కోరారు? తెర మీద చదవడం అలవాటు చేసుకోవాలి. అంతగా కావాలంటే రెండు వైపులా, కాగితానికి నాలుగు పేజీల చొప్పున తీయించవచ్చు. విద్యార్థికి ఆ మాత్రం ఆలోచన ఉండాలి.

కాగితం పులి:
నాలుగు పేజీలు ఒక కాగితం మీదకు తెస్తే చీమ తలకాయంత అక్షరాలు వస్తాయి. పగలంతా గోడౌన్‌లో పనిచేసి, రాత్రి పదింటికి ఆరంగుళాల తెర మీద కాస్ట్ అకౌంటింగ్ చదవమని సలహా ఇచ్చేవారు ఒక నెల అలా చదివి చూడాలి. పింఛను వచ్చేవారికి ఆలోచనలు చవకగానే వస్తాయి.

విశ్రాంత ఆచార్యుడు:
నా పింఛను ప్రసక్తి ఇక్కడికి తేవడం సంస్కారం కాదు.

కోఠి పాతపుస్తకం:
ఇద్దరూ కాస్త శాంతించండి. హైదరాబాదులో పేజీ రూపాయికే తీసే షాపులున్నాయి. అన్ని ఫైళ్ళూ ఒకేసారి ఇస్తే ఇంకా తగ్గిస్తారు. అంతకన్నా మేలైన దారి, గత ఏడాది చదివినవారి దగ్గర స్పైరల్ బైండింగ్ కాపీలు సగం ధరకు కొనుక్కోవడం. నేను మూడు సెమిస్టర్లు అలాగే గడిపాను. సిలబస్ మారిందేమో మాత్రం సరిచూసుకోవాలి, నేను చూసుకోక ఒక పేపరు పోగొట్టుకున్నాను.

28 రోజుల నెల:
కాగితం గొడవలో డేటా మాటే మరిచారు. 2024 జూలైలో జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 అయింది. 28 రోజులను నెల అని పిలవడం వల్ల ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జీలు. అంటే 3,107 ఉన్నది 3,887కు చేరింది. లైవ్ క్లాసు ఎక్కువ నాణ్యతతో పెడితే గంట, గంటన్నరలోనే రోజు కోటా అయిపోయి, మిగతా పాఠం బొమ్మ లేకుండా వినవలసి వస్తుంది. వీడియో నాణ్యత తగ్గించే వీలు లేని యాప్ అయితే ఇక చెప్పనక్కరలేదు.

అడిస్ అబాబా నుంచి వచ్చినవాడు:
ఇథియోపియాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి వచ్చాను. మన తెలుగు అధ్యాపకులు అక్కడ చాలామంది పనిచేశారు. 2020 మార్చిలో విద్యార్థులను ఇళ్ళకు పంపినప్పుడు అక్కడ ఉన్నది ఒకే టెలికాం సంస్థ, అదీ ప్రభుత్వానిదే. రెండోది వచ్చింది 2022లో. నెట్‌వర్క్ అంతా క్యాంపస్‌లో, పిల్లలంతా పల్లెల్లో. పాఠాలు పెన్‌డ్రైవ్‌లలో నింపి బస్సుల్లో పంపాను. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే విద్యార్థులకు నెలకు 30 జీబీ డేటా ఇచ్చారు, అందులో 20 జీబీ రాత్రి పూట వాడుకునేది. విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లను డేటా లెక్కలోకి రాకుండా చేశారు. మన దగ్గర ఆ పని ఎందుకు జరగలేదో నాకు అర్థం కాదు.

కాగితం పులి:
అడిగింది పలాస గురించి, మనం ఆఫ్రికా చేరాం.

అడిస్ అబాబా నుంచి వచ్చినవాడు:
పలాసలో పాఠం ఆగినా అక్కడ ఆగినా కారణం ఒకటే కాబట్టి చెప్పాను. మీకు జిరాక్స్ షాపు తప్ప ఇంకేదీ కనిపించకపోతే నేనేం చేయగలను?

స్వయం సిద్ధ:
నేను ఒక్క రూపాయి ఫీజు లేకుండా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక స్వయంలో రెండు ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు తదితర సంస్థలు నడిపేవి) కోర్సులు చదివి, క్రెడిట్లు మా కాలేజీలో కలుపుకున్నాను. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా అలా కలుపుకోవచ్చు. అయితే చదవడమే ఉచితం. పరీక్షకు కోర్సుకు 1,000 చొప్పున కట్టాలి, పరీక్ష కేంద్రానికి మనిషి వెళ్ళాలి. నాకు విశాఖ పడింది. ముందు రోజు రాత్రి రైలెక్కి, తోడుగా నాన్నను తీసుకెళ్ళి, తెల్లవారుజామున స్టేషన్‌లోనే ముఖం కడుక్కొని వెళ్ళాను. ఆడపిల్లల పరీక్ష ఖర్చు రెండు టికెట్లని గుర్తుంచుకోండి.

77వ జీవో జ్ఞాపకం:
ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ అసలు మాట ఎత్తలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రెగ్యులర్ కోర్సులకే వర్తిస్తుంది, దూరవిద్యకూ ఆన్‌లైన్‌కూ రాదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 77వ జీవోతో ప్రైవేటు కాలేజీల పీజీలకు ఆ పథకం ఆపేసినప్పుడు మా తరగతిలో నలుగురం రెగ్యులర్ వదిలి దూరవిద్యకు మళ్ళాం. చవక అనుకున్నాం గాని ప్రతి రూపాయీ సొంత జేబులోంచే పోయింది. మీ చెల్లెలికి దగ్గరలో ప్రభుత్వ కాలేజీ సీటు దొరికే వీలుంటే ముందు అది చూడండి. ఇక చెల్లుబాటు సంగతి: యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని 2022 సెప్టెంబరులోనే ప్రకటించారు. ఆ కోర్సు పేరు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టక ముందే చూసుకోవాలి. డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కావాలంటే నెట్ లేదా సెట్ అనే అధ్యాపక అర్హత పరీక్ష ఎలాగూ రాయాలి.

జీడితోట:
అందరికీ ధన్యవాదాలు. ల్యాప్‌టాప్ మాట ఎవరూ చెప్పలేదు.

విశ్రాంత ఆచార్యుడు:
ఫోను చాలు.

కోఠి పాతపుస్తకం:
ఫోను చాలదండీ. ఎంకాంలో ఎక్సెల్ ఉంటుంది, చివర ప్రాజెక్ట్ రిపోర్ట్ ఉంటుంది. బ్యాలెన్స్ షీటును ఫోనులో చూస్తే అప్పులు ఒక తెరలో, ఆస్తులు మరో తెరలో కనిపిస్తాయి. నేను పాత ల్యాప్‌టాప్ 14,000కు కొన్నాను, బ్యాటరీ మార్చడానికి ఇంకో 2,000 అయింది.

జీడితోట:
చెల్లెలు ఈ చర్చంతా చదివి కార్ఖానా యజమానిని అడిగిందట. సాయంత్రం ఆరు తర్వాత ఆఫీసు కంప్యూటర్‌నూ ఇంటర్నెట్‌నూ వాడుకోమన్నారు. బదులుగా రెండేళ్ళపాటు ఆదివారాలు జీఎస్టీ లెక్కలు చూడాలట.

కిస్తీలవాడు:
ఆదివారం కూలి ఎంతో లెక్క కట్టారా? అదీ ఫీజే. నెలకు ఎన్ని ఆదివారాలో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మి నేను ఇంకా కడుతూనే ఉన్నాను.