మానిటర్‌లో బొమ్మను కుదురుగా నిలిపే సింక్ పోతే ముందు కెపాసిటర్లన్నీ మార్చాలా, తప్పు ఎక్కడుందో వెతకాలా?

అంబర్‌తెర:
నా దగ్గర 12 అంగుళాల పాత అంబర్ మానిటర్ ఉంది. కాంపోజిట్ (బొమ్మ, సింక్ ఒకే తీగలో వచ్చే) ఇన్‌పుట్, 625 లైన్లు, 50 హెర్ట్జ్. ఆన్ చేశాక పది నిమిషాలు బొమ్మ నిలకడగా ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా చీలిపోయి ఏటవాలు నల్ల పట్టీలు వచ్చేస్తాయి. పైకీ కిందికీ దొర్లడం మాత్రం లేదు. హారిజాంటల్ హోల్డ్ ప్రీసెట్‌ను (బొమ్మను అడ్డంగా కుదిర్చే చిన్న సర్దుబాటు స్క్రూను) ఒక పక్కకి చివరిదాకా తిప్పితే కాసేపు ఆగుతుంది, మళ్లీ మొదలు. తెలిసిన ఒకాయన "ముందు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ మార్చెయ్, తర్వాత చూద్దాం" అంటున్నారు. ఇంకొకాయన అసలు ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

సోల్డర్‌చేయి:
మొదటాయన మాటే వినండి. ఇన్నేళ్లలో ఎలక్ట్రోలైటిక్‌లు లోపల ఎండిపోయి ఉంటాయి. విలువ సరిగ్గానే చూపించినా ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) పెరిగిపోతుంది. పవర్ సప్లైలో రిపుల్ (వోల్టేజ్‌లో అలలు) ఉంటే లైన్ల వేగాన్ని నడిపే ఆసిలేటర్ నిలకడగా ఉండదు. అలాంటి సెట్లో మీరు ఏం కొలిచినా ఆ కొలతను నమ్మలేరు. నేను రెండు రోజులు సిగ్నల్ నుంచి సింక్ పల్సులను వేరుచేసే సింక్ సెపరేటర్ చుట్టూ తిరిగి, చివరికి సప్లై ఫిల్టర్ మార్చితే బాగుపడిన సెట్ ఉంది. అప్పటి నుంచి ముందు అన్నీ మార్చాకే మీటర్ పట్టుకుంటున్నాను.

స్కోప్‌గీత:
సోల్డర్‌చేయి గారూ, సప్లై సంగతి వరకు ఒప్పుకుంటాను. అన్నీ మార్చడం దగ్గరే నాకు అభ్యంతరం. ఈ మానిటర్ తన జబ్బేమిటో తనే చెబుతోంది కదా. బొమ్మ దొర్లడం లేదంటే వర్టికల్ సింక్ లాక్ అయింది (కుదిరింది). అంటే సింక్ సెపరేటర్ నుంచి పల్సులు వస్తున్నాయి. సెపరేటర్ పోతే సాధారణంగా రెండు సింక్‌లూ పోతాయి. ఇక మిగిలింది హారిజాంటల్ ఆసిలేటర్, దాని వేగాన్ని సింక్‌కు తగ్గట్టు సరిదిద్దే ఏఎఫ్‌సీ సర్క్యూట్. ఆసిలేటర్ వేగం తేల్చే కెపాసిటర్ ఎక్కువ సెట్లలో పాలిస్టైరీనో పాలిస్టరో అయి ఉంటుంది, ఎలక్ట్రోలైటిక్ కాదు. మీరు ఇరవై కెపాసిటర్లు మార్చినా దాని జోలికే వెళ్లరు.

అంబర్‌తెర గారూ, పట్టీలు ఎన్నో లెక్కపెట్టండి. ఒక్కో పట్టీకి దాదాపు 50 హెర్ట్జ్ తేడా, ఎందుకంటే ఫీల్డ్ రేటు అదే. 625 లైన్ల సెట్‌కు ఉండాల్సిన 15,625 హెర్ట్జ్ నుంచి ఎంత జారిందో తెర మీదే తెలిసిపోతుంది. పట్టీ పైన కుడి నుంచి కింద ఎడమకు దిగుతుంటే ఆసిలేటర్ నెమ్మదించినట్టు. అలాంటప్పుడు సెట్‌ను ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి. వేగం తగ్గితే హైవోల్టేజ్ పెరుగుతుంది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీద భారం పడుతుంది.

పాతమానిటర్:
అన్నీ మార్చేవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని సెట్లలో ట్యూబ్ మెడ చుట్టూ ఉండే యోక్ కాయిల్‌తో సిరీస్‌లో నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ ఉంటుంది. పాత మెకింటోష్ ప్లస్‌లో 3.9 మైక్రోఫారడ్‌ది అలాంటిదే. అందులో గట్టి కరెంట్ పారుతుంది. నేను ఒకసారి వరసలో పడి అలాంటి చోట మామూలు ఎలక్ట్రోలైటిక్ పెట్టేశాను. కొద్ది నిమిషాల్లో అది ఉబ్బి, తొడుగు పైకి లేచింది. మానిటర్ మొదట వచ్చినప్పటి జబ్బు ఒకటైతే, నేను అంటించింది ఇంకొకటి.

ఇంకో మాట. లోపల విప్పకముందే సిగ్నల్ సరైనదేనా చూడండి. పాత ఐబీఎం పీసీల ఎండీఏ (ఒకే రంగు) మానిటర్‌కు 18.432 కిలోహెర్ట్జ్ కావాలి, సీజీఏ (రంగుల) కార్డు ఇచ్చేది 15.7. రెండింటికీ అదే తొమ్మిది పిన్నుల కనెక్టర్. తప్పు కార్డు తగిలించి మానిటర్‌ను తప్పుపట్టినవాళ్లను చూశాను. మీది కాంపోజిట్ కాబట్టి మీకు ఆ బాధ లేదు.

అంబర్‌తెర:
లెక్కపెట్టాను. పన్నెండు పట్టీలు, ఎడమకే దిగుతున్నాయి.

స్కోప్‌గీత:
అంటే దాదాపు 600 హెర్ట్జ్ తక్కువ, నాలుగు శాతం దాకా. హోల్డ్ ప్రీసెట్ చివర్లో ఉందన్నారు కాబట్టి, ఎప్పటినుంచో జారుతున్న విలువను దాంతో సర్దుతూ వచ్చారన్నమాట. వేడెక్కాక ఆ సర్దుబాటు కూడా చాలడం లేదు. ఆసిలేటర్ భాగాల మీద ఒక్కొక్కదానికే ఫ్రీజర్ స్ప్రే (భాగాన్ని చల్లబరిచే స్ప్రే) కొట్టి చూడండి. ట్యూబ్ మెడ మీద మాత్రం పడనివ్వకండి, గాజు పగిలిపోతుంది. ట్యూబ్‌కు హైవోల్టేజ్ తెచ్చే యానోడ్ తీగ దగ్గరికి చెయ్యి వెళ్లకూడదు, అక్కడ పది వేల వోల్టుల పైనే ఉంటుంది. రెండో చెయ్యి జేబులో పెట్టుకోండి.

అంబర్‌తెర:
దొరికింది! కెపాసిటర్ మీద కొడితే పట్టీలు ఒకటి రెండు తగ్గాయంతే. ప్రీసెట్‌కు సిరీస్‌లో ఉన్న రెసిస్టర్ మీద కొట్టగానే బొమ్మ టక్కున లాక్ అయింది. ఎరుపు, ఎరుపు, నారింజ గీతలు, అంటే 22 కిలో ఓమ్‌లు. సెట్ ఆపి, అంతా డిశ్చార్జ్ చేసి, ఒక కాలు విప్పి కొలిస్తే చల్లగా ఉన్నప్పుడే 27 చూపించింది. మార్చాను. ఇప్పుడు ప్రీసెట్ మధ్యలో ఉండగానే లాక్ అవుతోంది. రెండు గంటలుగా నడుస్తోంది, గీత కూడా కదల్లేదు.

సోల్డర్‌చేయి:
సంతోషం. ఈ సెట్‌కు నా పద్ధతి పనికొచ్చేది కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ సప్లై ఫిల్టర్ మీద రిపుల్ ఒక్కసారి కొలవండి. అది ఎక్కువగా ఉంటే ఆ ఒక్కటీ మార్చండి.

అంబర్‌తెర:
కొలుస్తాను. సెట్ ఇంకా మూత తీసే ఉంది.