‘1 హెర్ట్జ్ వరకు ఖచ్చితం’ అని రాయవచ్చా?

చీపురుపల్లి నుంచి:
ఔత్సాహిక రేడియో నేర్చుకునేవారి కోసం ఫ్రీక్వెన్సీ కౌంటర్ (సిగ్నల్ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో లెక్కపెట్టే పరికరం) కిట్ కూర్పు పత్రం తెలుగులో తయారవుతోంది. పిక్ 16ఎఫ్628ఏ చిప్, 20 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (చిప్‌కు కాలం లెక్క ఇచ్చే కంపన స్ఫటికం), 16×2 ఎల్‌సీడీ ఉన్న రకం. అందులో ఒక వాక్యం: “ఈ కౌంటర్ 1 హెర్ట్జ్ వరకు ఖచ్చితంగా చూపుతుంది. తేడా వస్తే ట్రిమ్మర్ బిగించి సరిచేయాలి.” ట్రిమ్మరంటే క్రిస్టల్ వేగాన్ని కొద్దిగా మార్చే చిన్న కెపాసిటర్. ఆ వాక్యంలో ‘ఖచ్చితం’ ఇముడుతుందా? ‘కచ్చితం’ అనాలా?

ఆమదాలవలస నుంచి:
ముందు వర్ణక్రమం. సంస్కృతంలో ‘ఖచితం’ అంటే పొదిగినది. మన మాటకు ఆ అర్థంతో పని లేదు, పలుకుబడిలో ఒత్తూ వినిపించదు. ‘కచ్చితం’ చాలు.

బొబ్బిలి నుంచి:
మేష్టారూ, ఒత్తు ఉన్నా లేకపోయినా ఆ మాటను ఈ వాక్యంలోంచి తీసెయ్యాలని నా మనవి. తెలుగు మాధ్యమం భౌతికశాస్త్రంలో దీనికి మూడు వేరువేరు మాటలున్నాయి. పరికరం చూపగల అతి చిన్న తేడా కనీసపు కొలత. ఎన్నిసార్లు కొలిచినా ఒకే విలువ దగ్గర నిలవడం ఖచ్చితత్వం. ఆ విలువ అసలు విలువకు దగ్గరగా ఉండడం యథార్థత. మీ వాక్యం మొదటిదాన్ని చెప్పబోయి మూడోదానికి మాట ఇచ్చేస్తోంది.

కౌంటర్ చేసేదల్లా గేటును 1 సెకను తెరిచి, ఆలోగా వచ్చిన పల్సులను లెక్కపెట్టడం. 71,00,000 పల్సులు పడితే 7.100000 మెగాహెర్ట్జ్. కాబట్టి కనీసపు కొలత 1 హెర్ట్జ్. గేటు సెకనులో పదో వంతే తెరిస్తే అది 10 హెర్ట్జ్ అవుతుంది. అయితే ఆ సెకను ఎంత నిజమైనదో తేల్చేది క్రిస్టల్. పది లక్షలకు 50 పాళ్లు తేడా ఉండే మామూలు క్రిస్టల్‌తో 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర 355 హెర్ట్జ్ వరకు తప్పు రావచ్చు. 20 పాళ్లదైనా 142. గ్రాము దాకా తూచే తక్కెడైనా తూకంరాయి అరిగిపోతే ఏం లాభం?

టెక్కలి నుంచి:
ఆ వాక్యం చదివినోడు ఆఖరి అంకె అటూ ఇటూ ఆడగానే ట్రిమ్మర్ మీద చెయ్యేస్తాడు బావు. దానికేటి రాస్తారు?

బొబ్బిలి నుంచి:
అది తేడా కాదని విడిగా రాయాలి అన్నయ్యా. గేటు తెరుచుకునే క్షణానికీ పల్సు వచ్చే క్షణానికీ పొంతన ఉండదు, అందుకని ఒక పల్సు ఎక్కువో తక్కువో పడుతుంది. ట్రిమ్మర్ దాన్ని ఆపలేదు. 50 హెర్ట్జ్ లాంటి చోట ఆ ఒక్క పల్సే 2 శాతం, అక్కడ ఆవర్తన కాలం (ఒక పల్సు నుంచి తరవాతి పల్సు దాకా పట్టే కాలం) కొలిచి, ఒకటిని దానితో భాగించడం మేలు.

అంకెలు వందల్లో గెంతుతూంటే సంగతి వేరు. సిగ్నల్ బలం చాలకపోవచ్చు, ఎర్త్ తీగ పొడవైపోయి ఉండొచ్చు. ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలు దగ్గర 5 వోల్టుల్లో సుమారు సగం ఉందో లేదో చూడాలి. సున్నాకో 5కో అతుక్కుపోతే కాళ్లు తారుమారయ్యాయి, లేదా బయాస్ రెసిస్టర్ విలువ తప్పు. సరిగ్గా రెట్టింపు చూపితే రెండో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు ఫ్రీక్వెన్సీ) బలంగా ఉండి అదీ లెక్కలోకి వస్తోందని అనుమానించాలి.

ఆమదాలవలస నుంచి:
అయితే ‘సరిచేయడం’ బదులు ‘క్రమాంకనం’ వాడదాం. విలువ తెలిసిన సిగ్నల్‌తో పోల్చి సరిపెట్టడమని ఆ మాటే చెబుతుంది. నియో-7ఎమ్ లాంటి జీపీఎస్ మాడ్యూల్‌ను 8 మెగాహెర్ట్జ్ ఇచ్చేలా అమర్చుకుంటే పోల్చడానికి అదే చాలు. కౌంటర్‌ను 20 నిమిషాలు వేడెక్కనిచ్చాకే మొదలుపెట్టాలి. రీడింగు తక్కువ చూపితే క్రిస్టల్ వేగంగా నడిచి గేటు ముందే మూసుకుంటోందన్నమాట, ట్రిమ్మర్ కెపాసిటీ పెంచాలి. ఎక్కువ చూపితే తగ్గించాలి. ఏప్రిల్ ఎండల్లో చేసిన క్రమాంకనం డిసెంబరు నాటికి కొంత పక్కకు తప్పుతుంది. క్రమాంకనం చేసిన నాటి గది ఉష్ణోగ్రతను పెట్టె అడుగున రాసిపెట్టమని కూడా చేర్చండి.

చీపురుపల్లి నుంచి:
ఇలా మార్చాను: “కనీసపు కొలత 1 హెర్ట్జ్. ఆఖరి అంకె ఒకటి అటూ ఇటూ మారడం సహజం. చూపిన విలువ యథార్థత క్రిస్టల్ మీద ఆధారపడుతుంది. క్రమాంకనం చేయనిదే చివరి మూడు అంకెలను నమ్మకూడదు. క్రమాంకనానికి ట్రిమ్మర్ బిగించాలి.”

టెక్కలి నుంచి:
‘బిగించాలి’ తీసెయ్యండి బావు. బిగించమంటే మరకు అడ్డు తగిలేదాకా తిప్పుతారు. సిరామిక్ ట్రిమ్మర్‌కి అడ్డే ఉండదు, అర చుట్టులోనే మొత్తం కెపాసిటీ అయిపోయి మళ్లీ వెనక్కొస్తాది. ‘కొద్దికొద్దిగా తిప్పాలి’ అనండి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవరే వాడమనండి, ఇనుపది ఆనితే రీడింగు జరిగిపోతాది.

చీపురుపల్లి నుంచి:
మార్చాను. తరవాతి పేజీలో “కౌంటర్‌ను ట్రాన్స్‌మిటర్‌కు కలపాలి” అని ఉంది. అది సరేనా?

బొబ్బిలి నుంచి:
సరికాదు మేష్టారూ. ‘కలపాలి’ అంటే తీగతో నేరుగా కలిపేస్తారు. 50 ఓమ్‌ల మీద 5 వాట్లంటే శిఖర వోల్టేజి 22 దాటుతుంది, ఇన్‌పుట్ డయోడ్లు కాలిపోతాయి. “ట్రాన్స్‌మిటర్‌కు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) తగిలించి, రెండు మూడు చుట్ల తీగను ఆ లోడ్ దగ్గరగా ఉంచాలి, ఆ తీగ కొసలనే కౌంటర్ ఇన్‌పుట్‌కు ఇవ్వాలి” అని రాయండి. ఆసిలేటర్‌ను కొలిచేటప్పుడు 4.7 పీకోఫారడ్ కెపాసిటర్ గుండా కలపమనండి. మీటరు కోయాక్సియల్ కేబుల్ సుమారు 100 పీకోఫారడ్ల భారం మోపుతుంది, నేరుగా తగిలిస్తే ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీయే కిందికి జరిగిపోతుంది.