ఎంఎస్ అప్లికేషన్ ఫారం ముందుకు కదలట్లేదు, వీఆర్ వైపు వెళ్లాలి, సాయం కావాలి

కాకినాడ కాజా:
మధ్యాహ్నం నుంచి ఒకే పేజీ దగ్గర ఇరుక్కుపోయాను, తల పగిలిపోతోంది. కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నా, తర్వాత వర్చువల్ రియాలిటీ (వీఆర్) డెవలప్‌మెంట్ వైపు వెళ్లాలని. అన్నీ నింపాను. చదువు వివరాల పేజీలో ఎర్ర గుర్తు వస్తోంది, తర్వాతి పేజీకి పోనివ్వట్లేదు. క్రోమ్‌లో చూశా, ఫైర్‌ఫాక్స్‌లో చూశా, అన్నయ్య ఫోన్‌లో కూడా చూశా. మార్కుల లిస్టు మళ్లీ స్కాన్ చేసి సైజు తగ్గించి పెట్టా. అదే గోల. మెయిల్ పెడితే 'మీ సందేశం అందింది' అని ఒక ఆటోమేటిక్ జవాబు, అంతే. గడువు ఈ వారమే. ఎవరికైనా ఇలా వచ్చిందా? అలాగే వీఆర్‌కి కంప్యూటర్ ఇంజనీరింగే కరెక్టా, వేరే ఏదైనా తీసుకోవాలా?

జీరో ఎఫ్‌పీఎస్:
ఏ దేశం? ఏ డిగ్రీ? ఎర్ర గుర్తు పక్కన ఏం రాసి ఉంది?

గోదారి గట్టు:
తమ్ముడూ, కుకీలన్నీ తీసేసి ఇన్‌కాగ్నిటోలో తెరువు. నాకు పీడీఎఫ్ పేరులో ఖాళీలు ఉంటే తీసుకోలేదు. పేరు మార్చి పెట్టగానే వెళ్లిపోయింది.

పాత మాస్టారు:
ఫారం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక మాట. ఈ రోజుల్లో పిల్లలు యూనిటీ అనే గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసి, ఒక బంతి ఎగిరేలా చేయగానే వీఆర్ వచ్చేసిందని అనుకుంటున్నారు. ఐవాన్ సదర్లాండ్ 1968లోనే తలకి పెట్టుకునే డిస్‌ప్లే చేసి చూపించాడు. అప్పుడు యూనిటీ లేదు, లెక్కలున్నాయి. ఇప్పుడూ లెక్కలే. హెడ్‌సెట్ 72 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకి 72 ఫ్రేములతో నడిస్తే ఒక్కో ఫ్రేమ్‌కి మీకు దొరికేది దాదాపు 13.9 మిల్లీసెకన్లు. 90 హెర్ట్జ్ అయితే 11.1. అందులోనే రెండు కళ్లకీ రెండు బొమ్మలు గీయాలి. గీయలేకపోతే పెట్టుకున్నవాడికి కడుపులో తిప్పుతుంది. తల తిరిగిన దిశని ఆయిలర్ కోణాలతో, అంటే మూడు కోణాలతో రాసుకుంటే ఒకచోట రెండు అక్షాలు ఒకటైపోయి గింబల్ లాక్ వచ్చి తగులుకుంటుంది, అందుకే నాలుగు సంఖ్యలతో దిశని రాసే క్వాటర్నియన్లు వాడతారు. మాత్రికలు, సదిశలు రాకుండా ఏ దేశం వెళ్లి ఏం లాభం? ముందు లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం తెరవండి.

గోదారి గట్టు:
మాస్టారూ, పాపం ఫారం గురించి అడిగాడు.

మూడో కన్ను:
అసలు 'వీఆర్' అనడమే పాతబడిపోయింది. ఇప్పుడు ఎక్స్‌ఆర్ (ఎక్స్‌టెండెడ్ రియాలిటీ) అనాలి. ఏఆర్ (ఆగ్మెంటెడ్), ఎంఆర్ (మిక్స్‌డ్), వీఆర్ అన్నీ అందులోకే వస్తాయి. ఎస్ఓపీలో, అంటే అప్లికేషన్‌తో పెట్టే మన లక్ష్యాల వ్యాసంలో, వీఆర్ అని మాత్రమే రాస్తే ప్రొఫెసర్లు అప్‌డేట్ కాలేదనుకుంటారు.

డల్లాస్ చిన్నోడు:
ప్రొఫెసర్లు ఎవరూ అలా అనుకోరు బ్రో. హెడ్‌సెట్లకి ప్రోగ్రాములు రాసే ఉమ్మడి స్టాండర్డ్ పేరు ఓపెన్ ఎక్స్ఆర్ అయినంత మాత్రాన మనిషి 'వీఆర్ చేస్తా' అంటే తప్పేం కాదు.

అసలు ప్రశ్నకి వస్తా. అమెరికాలో కంప్యూటర్ ఇంజనీరింగ్ చాలాచోట్ల ఈసీఈ డిపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. చెప్పేది కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఎంబెడెడ్, వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్), సిగ్నల్స్ లాంటివి. హెడ్‌సెట్ లోపలి ట్రాకింగ్ సెన్సార్లు, చిప్, బ్యాటరీ, డిస్‌ప్లే ఆలస్యం తగ్గించడం మీద పనిచేయాలంటే అదే మంచి దారి. గేమ్, సిమ్యులేషన్, మెడికల్ ట్రైనింగ్ యాప్ లాంటివి చేయాలంటే కంప్యూటర్ సైన్స్‌లో గ్రాఫిక్స్ గానీ హెచ్‌సీఐ (మనుషులు కంప్యూటర్లని ఎలా వాడతారో చదివే సబ్జెక్టు) గానీ చూడు. అయోవా స్టేట్‌లో హెచ్‌సీఐకి విడిగా ప్రోగ్రాం ఉంది, వీఆర్‌కి వీఆర్ఏసీ అనే రీసెర్చ్ సెంటర్ ఉంది. ఓర్లాండోలో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ మోడలింగ్ అండ్ సిమ్యులేషన్‌లోనే ఎంఎస్ ఇస్తుంది, ఆ చుట్టుపక్కల డిఫెన్స్ ట్రైనింగ్ సిమ్యులేటర్ల పని కూడా ఎక్కువ. చికాగోలో ఇలినాయ్ యూనివర్సిటీ ఈవీఎల్ ల్యాబ్ 1992లోనే 'కేవ్' చేసింది, గది గోడల మీదే బొమ్మ పడుతుంది, మనిషి అందులో నిలబడతాడు. కోర్సు పేరు చూసి కాదు, ల్యాబ్ చూసి ఎంచుకో. ఏ సబ్జెక్టులు ఉన్నాయో, థీసిస్ ఆప్షన్ ఉందో లేదో చూడు.

మూడో కన్ను:
అంటే కంప్యూటర్ ఇంజనీరింగ్ చేసినవాడు యాప్ చేయలేడా? మా కజిన్ ఈసీఈ నుంచి వెళ్లి గ్రాఫిక్స్‌లోనే ఉన్నాడు.

డల్లాస్ చిన్నోడు:
చేయలేడని నేనెక్కడ అన్నాను? డిపార్ట్‌మెంట్ ఏదో ముందు తెలుసుకోమన్నా. వాళ్ల ప్రీరిక్విజిట్లు లేకపోతే మొదటి సెమిస్టర్ డబ్బంతా డిజిటల్ లాజిక్‌కే పోతుంది.

జీరో ఎఫ్‌పీఎస్:
కాజా గారూ, నా మూడు ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

కాకినాడ కాజా:
సారీ, భోజనానికి వెళ్లా. తమ్ముడు కాదండీ, చెల్లెల్ని. దేశం అమెరికానే, ఎంఎస్ అన్నాను కదా. మార్కులు 78 శాతం, బ్యాక్‌లాగ్స్ లేవు. ఎర్ర గుర్తు పక్కన డిగ్రీ వ్యవధి కనీసం కంటే తక్కువ ఉందనో ఏదో వస్తోంది. తేదీలు కరెక్టుగానే పెట్టా, 2021 నుంచి 2024. అందుకే బగ్ అనుకుంటున్నా.

జీరో ఎఫ్‌పీఎస్:
మూడేళ్ల డిగ్రీయా?

కాకినాడ కాజా:
అవును, బీఎస్సీ ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్). మా ఊళ్లో అందరూ చదివేదే కదా, వేరే చెప్పాలా?

జీరో ఎఫ్‌పీఎస్:
బగ్ కాదు. వాళ్లు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతున్నారు.

గోదారి గట్టు:
అయ్యో చెల్లీ, కుకీలు తీసేయమని నిన్ను ఊరికే తిప్పా.

డల్లాస్ చిన్నోడు:
అది ముందే చెప్పి ఉంటే ల్యాబ్‌ల గురించి అంత రాసేవాణ్ని కాదు 😅 అన్ని యూనివర్సిటీలూ ఒకేలా ఉండవు. కొన్ని మూడేళ్ల డిగ్రీని అసలు తీసుకోవు, కొన్ని న్యాక్ (కాలేజీలకి గ్రేడ్లిచ్చే సంస్థ) 'ఎ' గ్రేడ్ కాలేజీ, ఫస్ట్ క్లాస్ ఉంటే చూస్తాయి. డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ మన డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో లెక్కగట్టి ఇస్తుంది గానీ, ఆఖరి మాట యూనివర్సిటీదే. కాబట్టి ప్రతి గ్రాడ్యుయేట్ స్కూల్ పేజీలో ఇండియా అర్హత విడిగా చదువు. అక్కడ లేకపోతే ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి 'ఎంపీసీఎస్, మూడేళ్లు, ఈ గ్రేడ్ కాలేజీ' అని వివరంగా అడుగు.

ఇంకోటి, తేదీలు మార్చి నాలుగేళ్లు అని పెడితే ఫారం ముందుకు పోతుందని ఎవరైనా చెబుతారు, ముఖ్యంగా కన్సల్టెన్సీల వాళ్లు. ఆ పని మాత్రం చేయకు. తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్‌తో సరిపోల్చినప్పుడు సీటూ పోతుంది, వీసా కూడా కష్టమవుతుంది.

పిఠాపురం పిల్ల:
కాజా, నువ్వు ఆంధ్రాలోనే చదివావు కదా? 2020-21 నుంచి చేరినవాళ్లకి నాలుగో ఏడాది ఆనర్స్ అవకాశం పెట్టారు. మూడేళ్లకి డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, లేదా ఇంకో ఏడాది చదివి ఆనర్స్ తీసుకోవచ్చు. మీ కాలేజీలో నీ సబ్జెక్టుకి ఉందో లేదో, బయటికి వచ్చేసిన తర్వాత చేర్చుకుంటారో లేదో వెళ్లి అడుగు. అది కుదిరితే నాలుగేళ్లు అయిపోతాయి.

లేదంటే ఎంసీఏ. ఇప్పుడు రెండేళ్లే. ఐసెట్ రాయొచ్చు. నిమ్‌సెట్ రాస్తే వరంగల్ ఎన్‌ఐటీలో కూడా ఎంసీఏ ఉంది. డిగ్రీలో లెక్కలు ఉండాలి, 60 శాతం ఉండాలి, నీకు రెండూ ఉన్నాయి. ఎంసీఏ అయ్యాక గేట్ రాస్తే ఎంటెక్ కూడా తెరుచుకుంటుంది. ఐఐటీ జోధ్‌పూర్‌లో ఏఆర్, వీఆర్‌కే ఎంటెక్ ఉంది, ఐఐటీ మద్రాస్‌లో ఎక్స్‌టిక్ అని ఈ రంగం మీదే సెంటర్ ఉంది. అమెరికా ఒక్కటే కాదు.

పాత మాస్టారు:
ఎంపీసీఎస్ అయితే మంచిదేనమ్మా. లీనియర్ ఆల్జీబ్రా చదివే ఉంటావు, ఇంకెక్కడో వెతకనక్కర్లేదు.

కాకినాడ కాజా:
చదివాను మాస్టారూ, పరీక్షకి మాత్రం. కానీ ఇంట్లో వాళ్లకి ఎంసీఏ అంటే మళ్లీ రెండేళ్లా అంటారు, టెన్షన్‌గా ఉంది. హెడ్‌సెట్ కూడా లేదు, పాత ల్యాప్‌టాప్. ఈలోగా ఏం చేయాలి?

జీరో ఎఫ్‌పీఎస్:
యూనిటీలో ఎక్స్‌ఆర్ డివైజ్ సిమ్యులేటర్. హెడ్‌సెట్ లేకుండానే కీబోర్డు, మౌస్‌తో నడుస్తుంది. ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఎ-ఫ్రేమ్, బ్రౌజర్‌లో చేసుకోవచ్చు. ఒక్క సీన్ పూర్తి చేసి గిట్‌హబ్‌లో పెట్టండి, వీడియోతో.

మూడో కన్ను:
చూశారా, అక్కడ కూడా పేరు ఎక్స్‌ఆర్ అనే ఉంది.

డల్లాస్ చిన్నోడు:
మహాప్రభో.

పాత మాస్టారు:
ఎ-ఫ్రేమ్‌లో చేసినా కోణాలు డిగ్రీల్లో రాసేసి వదిలేయకండి. లోపల ఏం జరుగుతోందో చూడండి. క్వాటర్నియన్‌లో నాలుగు సంఖ్యలెందుకు, మూడు ఎందుకు చాలవు అని మా క్లాసులో అడిగితే...

కాకినాడ కాజా:
సరే అండి, సోమవారం కాలేజీకి వెళ్లి ఆనర్స్ గురించి అడుగుతా. ఫారం మూసేశా. థాంక్స్ అందరికీ.

గోదారి గట్టు:
మాస్టారూ, మూడు ఎందుకు చాలవు?

రామచంద్రపురం రాజా:
పిఠాపురం పిల్ల గారూ, మాది కూడా 2021 బ్యాచే, బీకాం కంప్యూటర్స్. మాకూ ఆ నాలుగో ఏడాది ఉంటుందా? ఫీజు ఎంత ఉంటుంది?