అమలసుంత థియోదహాద్‌ను ఎందుకు రాజును చేసింది?

దేవునికడప_పిల్లోడు:
ఎం.ఏ. సెమినార్‌కు ఆరో శతాబ్దంలో ఇటలీని ఏలిన జర్మానిక్ జాతి గోతుల రాణి అమలసుంత మీద పేపర్ రాయాల. రాజధాని రవెన్నా నుంచి ఎనిమిదేండ్లు ఇటలీని ఏలింది. 534లో కొడుకు పోతానే, తానంటే గిట్టని బంధువు థియోదహాద్‌ను పిలిచి సింహాసనం ఎక్కించింది. అంత తెలివైన మనిషి అట్లెందుకు చేసింది? చంపించిందెవరనే దాంట్లో కూడా ఒక్కోచోట ఒక్కో కథ ఉంది. ఏది రాయమంటారు?

బురుజు_కర్నూలు:
తమ్ముడూ, 534 కాడ మొదలుపెడితే అర్థం కాదు, 526కు పో. ఆ ఆగస్టు 30న ఆమె తండ్రి, రాజు థియోడొరిక్ చనిపోయాడు. భర్త యూథారిక్ అప్పటికే లేడు. కొడుకు అథలారిక్‌కు పదేండ్లు. ఉత్తర్వులన్నీ పిల్లోని పేరు మీదనే పోయేవి. గోతులకు రాజంటే సైన్యం ముందు నిలబడేవాడు. ఆడమనిషి తన పేరుతో ఏలితే వాళ్లు ఒప్పరు. ఆమె బలమంతా ఆ పిల్లోని ప్రాణం మీద ఆధారపడిందన్నమాట.

కొడుక్కు రోమన్ల చదువు చెప్పిస్తుంటే దొరలు అడ్డం తిరిగినారు. అయ్యవారి బెత్తానికి భయపడినోడు కత్తికి ఎదురు నిలబడడని వాళ్ల వాదన. పిల్లోన్ని వాని వయసోళ్లలో కలిపేసరికి తాగుడుకు అలవాటు పడినాడు.

ఆ తర్వాత ఆమె చేసిన పనుల వరస చూడు, పేపర్‌కు అదే ప్రాణం. ముందు ముగ్గురు పెద్ద దొరలను వేర్వేరు సరిహద్దులకు పంపింది. కుట్ర ఆగలేదు. కాన్‌స్టాంటినోపుల్‌లోని తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్‌ను ఆశ్రయం అడిగి, 40,000 పౌన్ల బంగారం ఓడకెక్కించి అతని ఏలుబడిలోని డిర్రాకియం రేవుకు పంపింది. రోమన్ పౌను సుమారు 327 గ్రాములు, అంటే 13 టన్నుల పైమాటే. తన మాట వచ్చేదాకా సరుకు దించొద్దని ఆజ్ఞ. దాని తర్వాతే ఆ ముగ్గురినీ చంపించింది. పని అయినాక ఓడను వెనక్కి పిలిపించింది. ఇంత లెక్క ఉన్న మనిషి ఊరికే మోసపోదు.

534 అక్టోబర్ 2న అథలారిక్ పోయాడు. వాళ్ల రాజవంశమైన అమల వంశంలో ముందుకు తేదగ్గ మగవాడు థియోదహాద్ ఒక్కడే, మేనత్త కొడుకు. పేరు నీది, పెత్తనం నాది అని ప్రమాణం చేయించుకుంది. అయితే అంతకు కొంచెం ముందే, టస్కనీలో అతను కబ్జా పెట్టిన భూములన్నీ విచారణ చేసి వెనక్కి ఇప్పించింది తనే. పైగా చచ్చిన ముగ్గురి బంధువులు కాచుకోని ఉండారు. గత్యంతరం లేక చేసిన పని అది, దాన్ని తెలివితక్కువతనం అనొద్దు.

పెన్నా_గట్టు:
చంపిన చోటు బొల్సేనా చెరువులోని దీవి, 535లో. చేతులు ఆ బంధువులవి, అనుమతి థియోదహాద్‌ది. వాళ్లెవరనే దాంట్లో పేచీ లేదు. పేచీ జస్టీనియన్ భార్య థియొడొరా గురించి. ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ బహిరంగంగా రాసిన యుద్ధ చరిత్రలో ఆమె పేరెత్తడు. రహస్యంగా రాసినదాంట్లో మాత్రం అసూయతో జస్టీనియన్ రాయబారి పీటర్ ద్వారా చంపించిందంటాడు. గోతుల కొలువులో ఉత్తరాలు రాసిన కాసియోడొరస్ సంకలనంలో థియోదహాద్ పేరుతో థియొడొరాకు రాసిందొకటుంది, పేరు చెప్పకుండా ఒక మనిషి విషయం మీరు కోరినట్టే జరిగిందన్న ధోరణిలో. అనుమానానికి చాలు, రుజువుకు చాలదు. రెండూ చూపించి ఆగిపో. బానిసతో లేచిపోయిందనీ, తల్లికి విషం పెట్టిందనీ ఫ్రాంకుల చరిత్ర రాసిన టూర్స్ బిషప్ గ్రెగరీ చెప్పే కథ జోలికి పోవద్దు.

అనంత_సీమ:
కాకతీయ రుద్రమతో పోల్చే ఉద్దేశముంటే ఒక జాగ్రత్త. రుద్రమ ‘రుద్రదేవ మహారాజు’ పేరుతో తానే ఏలింది, యుద్ధరంగంలో కూడా ఉంది. 1289 చందుపట్ల శాసనం సేనాని మల్లికార్జున నాయకునితో పాటు ఆమె మరణాన్ని చెప్తుంది. ఆమెకు ఎదురు తిరిగిన కాయస్థ అంబదేవుడు మీ జిల్లా వల్లూరువాడే. రుద్రమకు మనవడు ప్రతాపరుద్రుడు వారసుడుగా ఉన్నాడు. అమలసుంతకు కూతురు మతసుంత తప్ప ఎవరూ మిగల్లేదు. థియోదహాద్‌ను దించి రాజైన విటిగెస్ 536లో ఆ పిల్లను బలవంతంగా పెండ్లాడింది కూడా ఆ వంశం పేరు కోసమే.

బురుజు_కర్నూలు:
ఇంకొకటి. ఆమె హత్య వల్లనే యుద్ధం వచ్చిందని రాయొద్దు. సిసిలీలో లిలిబేయం కోట కోసం జస్టీనియన్ మనుషులు ముందునుంచే పేచీ పెడతా ఉన్నారు, టస్కనీని జస్టీనియన్‌కు అప్పజెప్పడానికి థియోదహాద్ కూడా లోపల బేరమాడుతున్నాడు. హత్యను సాకు అని రాయి, కారణం అని కాదు. 535లోనే జస్టీనియన్ సేనాని బెలిసారియస్ సిసిలీలో దిగినాడు.