చూపు లేని పిల్లలకు పుస్తకంలోని బొమ్మలు తడిమి తెలిసేలా చేయడం ఎలా? మెషిన్లు లేవు

అక్షరదారి:
మామూలు బడి, ఎనిమిదో తరగతి. 35 మందిలో ఇద్దరికి చూపు లేదు, ఒకరికి మసకగా కనిపిస్తుంది. బ్రెయిలీ పుస్తకాలు ఉన్నాయి గానీ బొమ్మ ఉండాల్సిన చోట "పటం చూడుము" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఎంబాసర్ (కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలు పొడిచే ప్రింటరు) కొనే స్తోమత లేదు. అట్ట మీద తెల్ల జిగురుతో గుండె పటం గీస్తే ఆరాక గీత అణిగిపోయింది, వేలికి ఏమీ తగలట్లేదు. ఎక్కడ తప్పు జరిగింది? లెక్కల్లో గ్రాఫులకు కూడా దారి చెప్పండి.

చుక్కలపలక:
జిగురులో ఉన్న నీరు ఆవిరయ్యాక గీత కుంగిపోతుందండి. జిగురుతో అంటించండి, గీతకు మాత్రం దారం వాడండి. గుండె బయటి అంచుకు 2 మి.మీ. పురికొస, లోపలి గోడలకు నాలుగు పేటల నూలుదారం. జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య లాగి ఎక్కువైంది పిండేసి, పెన్సిల్ గీత మీద పరవాలి. కత్తిరించిన మొనల మీద ఇంకో చుక్క వేయండి, రోజూ తడిమితే ముందు ఊడేవి అవే. రాత్రంతా ఆరాలి.

అయితే జిగురు ఒక్కటే కాదు, బొమ్మ ఎంపిక కూడా చూసుకోవాలి. పుస్తకంలోని పటాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే వేలికి అది చిక్కుపడ్డ దారపుండలాగే ఉంటుంది. కన్ను ముందు మొత్తం చూసి తర్వాత వివరాల్లోకి వెళ్తుంది. వేలు అలా కాదు, ముక్కముక్కగా తడిమి మొత్తాన్ని మనసులో పేర్చుకోవాలి. కాబట్టి ఒక పటాన్ని రెండు చేయండి: మొదటి దాంట్లో నాలుగు గదులు, అంతే. రక్తనాళాలు రెండో దాంట్లో. గీతకూ గీతకూ మధ్య కనీసం 3 మి.మీ. వదలండి. గరుకు కాగితం, గుడ్డ, అట్టముక్క లాంటి తడిమితే తెలిసే తేడాలు నాలుగైదు మించితే కలగాపులగం అవుతాయి. మొత్తం పటం రెండు అరచేతుల కింద పట్టాలి.

ఇంకొకటి. గుండె పటంలో ఎడమ కర్ణిక మన కుడిచేతి వైపు ఉంటుంది. చూసే పిల్లలకే తికమక. పటాన్ని ఛాతీకి ఆనించి, బొమ్మ బయటికి ఉండేలా పట్టుకుని తడమమనండి. ఎడమ గది ఎడమ వైపే వచ్చి కూర్చుంటుంది.

ఆరుచుక్కలు:
పటంలోని భాగాలకు బ్రెయిలీలో పెట్టే పేర్ల సంగతి కూడా చూడండి. నోటుపుస్తకం కాగితం మీద పొడిచిన చుక్కలు నాలుగుసార్లు చదివేసరికి చదునైపోతాయి. కాగితం 140 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 140 గ్రాములు) అయినా ఉండాలి. చీటీలుగా కత్తిరించి అంచులకే జిగురు రాసి అంటించండి, చుక్కల మీద నొక్కకండి. చీటీ ఎప్పుడూ అడ్డంగానే ఉండాలి, గీతకు ఆనకూడదు.

పటం మీద చోటు చాలదని ఒక్క అక్షరంతో సరిపెడతారు. అక్కడే దెబ్బ తింటారు. బ్రెయిలీలో "అ" అంటే 1వ చుక్క ఒక్కటే. పక్కన ఇంకో చుక్క లేకపోతే అది అక్షరపు ఆరు చుక్కల గడిలో ఏ చుక్కో వేలికి తెలియదు, జిగురు బొట్టేమో అనుకుంటారు. "ల" నిలువుగా 1, 2, 3 చుక్కలు, దారం పక్కన పెడితే గీతలో కలిసిపోతుంది. రెండేసి అక్షరాలు పెట్టి, పూర్తి పేర్లు వేరే కాగితం మీద ఇవ్వండి.

దర్జీలు వాడే పళ్ల చక్రంతో గీస్తే దారం పని తప్పుతుంది, పటం త్వరగా అవుతుంది. కింద రబ్బరు షీటు పరిచి కాగితం వెనక నుంచి దొర్లించాలి. వెనక నుంచి కదా, అసలు బొమ్మను అద్దంలోలా తిప్పి గీసుకోకపోతే దేశ పటంలో తూర్పు తీరం పడమటికి వస్తుంది.

జాలిబల్ల:
పిల్లలు తడమడమే కాదు, గీయాలి కూడా. A4 కంటే కాస్త పెద్ద ప్లైవుడ్ ముక్క మీద ఇనుప దోమజాలి బిగించి స్టేపుల్ కొట్టండి. తీగ మొనలు గుచ్చుకుంటాయి, అంచుల చుట్టూ గుడ్డ టేపు వేయండి. నైలాన్ జాలి సాగిపోతుంది, వద్దు. పైన కాగితం పెట్టి మైనపు క్రేయాన్ గట్టిగా నొక్కి గీస్తే గరుకు గీత పడుతుంది. గీసిన వైపే తగులుతుంది కాబట్టి బొమ్మ తిప్పే బాధ లేదు. త్రిభుజం తానే గీసి తానే తడిమి చూసుకుంటే ఆ పిల్లకు జ్యామితి తన చేతికి వచ్చినట్టే.

గ్రాఫుకి మందపాటి కార్క్ బల్ల మేలు. 2 సెం.మీ. గళ్లు, సన్న దారంతో. అంతకంటే చిన్నవైతే వేలిమొన ఒకేసారి రెండు గీతల మీద పడుతుంది. అక్షాలకు పురికొస, బిందువులకు గుండుతల పిన్నులు, వాటిని కలిపే గీతకు రబ్బరు బ్యాండు. థర్మాకోల్ మీద రబ్బరు బ్యాండు లాగితే పిన్నులు వాలిపోయి బిందువు జరుగుతుంది, అందులో అయితే దారమే చుట్టండి.

అక్షరదారి:
చాలా ఉపయోగపడే మాటలు. మసకగా కనిపించే బాబుకి వేరే పటం చేయాలా?

చుక్కలపలక:
అక్కర్లేదండి. తెల్ల అట్ట మీద 3 మి.మీ. నల్ల మార్కరు గీసి దాని మీదే నల్లదారం అంటించండి, ముగ్గురికీ అదే సరిపోతుంది. లామినేషన్ చేయించకండి, ఆ మెరుపుకి వెలుతురు కళ్లలో కొట్టి గీత కనపడదు. పాఠం చెప్పేటప్పుడు "ఇక్కడ", "ఇది" అనకుండా చీటీ మీది అక్షరాలే పలకండి. పటాలను ఒకదానిపై ఒకటి పేర్చితే బరువుకి చుక్కలు అణుగుతాయి, పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి.