ఆగిపోయిన గేమ్‌కి కట్టిన డబ్బు అడగాలా, వదిలేయాలా?

పెన్నా_పిక్సెల్ (నెల్లూరు):
ఒక క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో (జనం దగ్గర తలా కొంత డబ్బు ముందే తీసుకుని వస్తువు తయారుచేసే చోటు) చిన్న టీమ్ గేమ్‌కి మా రూమ్‌లో వాళ్లమంతా కలిసి డబ్బు కట్టాం. గేమ్ పేరు అనవసరం. ట్రైలర్ వచ్చింది, డెమో వచ్చింది, ఆ తర్వాత అప్‌డేట్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. వాళ్ల డిస్కార్డ్ చాట్ గ్రూపులో గట్టిగా అడిగితే బ్లాక్ చేశారు. గేమ్ ఇవ్వలేకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలని నేనంటాను. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

కావలి_కోడర్:
నేను కాదంటాను. బెంగళూరులో గేమ్ స్టూడియోలో పని చేస్తున్నా కాబట్టి లోపలి సంగతి తెలుసు. నువ్వు గేమ్ కొనలేదు తమ్ముడూ, తయారీకి డబ్బు ఇచ్చావు. 'ఇది దుకాణం కాదు' అని క్రౌడ్‌ఫండింగ్ సైట్ కిక్‌స్టార్టర్ వాళ్లు 2012లోనే రాసిపెట్టారు. ఈ పనిలో ఖర్చంతా జీతాలే. ఏడాది పని చేశాక గేమ్ సరిగా రాలేదని తేలితే వెనక్కి ఇవ్వడానికి ఏముంటుంది? అద్దెలకీ తిండికీ అయిపోయి ఉంటుంది.

తలపండిన వాళ్లకే లెక్క తప్పుతుంది. డబుల్ ఫైన్ అనే గేమ్ స్టూడియో కిక్‌స్టార్టర్‌లో 2012లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలకు పైగా వచ్చాయి. అయినా చాలలేదు. 'బ్రోకెన్ ఏజ్'ని రెండు ముక్కలు చేసి, 2014లో మొదటి భాగం అమ్ముకుని, 2015లో రెండోది ఇచ్చారు. డబ్బు ఎక్కువొస్తే గేమ్ కూడా పెద్దదైపోతుంది, ఈ రంగంలో జబ్బే అది.

చీమకుర్తి_ప్లేయర్:
ఎనిమిది రెట్లు వచ్చినా చాలలేదని చెప్పి సానుభూతి అడుగుతున్నావా అన్నా? వాళ్లు చివరికి ఇచ్చారు కాబట్టి పోనీ. యోగ్‌వెంచర్స్ అనే గేమ్ సంగతి చెప్పవేం? 2012లో 5.67 లక్షల డాలర్లు తీసుకుని 2014లో చేతులెత్తేశారు. అందులో ఒక ఆర్టిస్టుకు 35 వేల డాలర్లు ముందే ఇచ్చేశారు. అతను రెండు వారాలు పనిచేసి వేరే ఉద్యోగం వస్తే వెళ్లిపోయాడు. వెనక్కి తీసుకోవడానికి కాంట్రాక్టులో ఒక్క లైను లేదు! మధ్యలో మానేస్తే ఎలా అని మా ఊళ్లో పెయింటింగ్ పని ఒప్పుకునే మేస్త్రీని కూడా అడుగుతాం.

అల్లూరు_చెరువుగట్టు:
గేములు ఆడేది మా పిల్లోడు, నేను కాదు. కానీ పెట్టుబడి సంగతి నాకు తెలుసు. రొయ్యల చెరువులో నలుగురం వాటాలు వేసుకుంటాం. వైట్ స్పాట్ రోగం వచ్చి పంట పోతే నా వాటా వెనక్కి ఇవ్వమని ఎవరూ అడగరు. నష్టం నలుగురిదీ. కానీ చెరువు చూసుకునేవాడు ఫోన్ చేస్తే ఎత్తుతాడు, చెరువు దగ్గరికి వెళ్తే రొయ్య కనపడుతుంది, మేత బిల్లులు చూపిస్తాడు. పంట పోయిందని దాచిపెట్టి ఇంకా పెరుగుతోందని చెప్పినోడితో మళ్లీ వాటా వేయం.

కావలి_కోడర్:
బాబాయ్ సరిగ్గా చెప్పాడు, నేను ఆయన వైపే. నీల్ స్టీఫెన్‌సన్ అనే నవలాకారుడు కత్తియుద్ధాల గేమ్ 'క్లాంగ్' కోసం 5 లక్షల డాలర్ల పైన సేకరించాడు. నమూనా చేశాక ఆడితే మజా లేదని తేలింది. ఆ మాటే 2014లో బహిరంగంగా రాసి ఆపేశాడు. మోసం కాదది.

చీమకుర్తి_ప్లేయర్:
ఆయన వైపు కాదు నువ్వు. నష్టం మాకు పంచి, లాభం మొత్తం తనే ఉంచుకునే వైపు. చెరువులో వాటాకి లాభంలోనూ వాటా వస్తుంది. గేమ్ సూపర్‌హిట్ అయితే నాకు ఒక కాపీ, ఒక టీషర్టు. 'హాలో నైట్'కి 2014లో ఆస్ట్రేలియా డాలర్లలో 57 వేలు వచ్చాయి, 2017లో గేమ్ వచ్చి ఎంత ఆడిందో అందరికీ తెలుసు. అప్పుడు కట్టినవాళ్లకి పైసా లాభం రాలేదు. నష్టంలో భాగస్థుడు, లాభంలో కస్టమరు. ఎట్లా కుదురుతుంది ఇది?

పెన్నా_పిక్సెల్:
👆 నేను చెప్పలేకపోయింది ఇదే.

కోర్టుసెంటర్_ఒంగోలు:
చట్టం సంగతి కొంచెం. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. అంటే నెల్లూరులో కూర్చునే వేయొచ్చు. కానీ మీరు వినియోగదారుడేనా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. అవతలి వాళ్లు విదేశంలో ఉంటే నోటీసు అందించడం, ఆర్డరు అమలు చేయించడం ఇంకో తలనొప్పి. కట్టింది రెండు మూడు వేలైతే నా ఫీజుకి కూడా రావు, నిజం చెప్తున్నా.

గెలిచినా డబ్బొస్తుందని లేదు. అమెరికాలో 2015లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక బోర్డ్ గేమ్ తయారీదారుడి మీద కేసు పెట్టింది. 1.22 లక్షల డాలర్లు సేకరించి ఇంటి అద్దెకీ సొంత ఖర్చులకీ వాడుకున్నాడు. 1.11 లక్షలు కట్టాలని తీర్పు, కట్టే స్తోమత లేదని ఆ మొత్తం వసూలు నిలిపివేత. అయిపోయింది. అందుకే హక్కు ఉందా లేదా అన్నదాని కంటే, ముందే ఏం చూసుకోవాలన్నది అడగండి.

చీమకుర్తి_ప్లేయర్:
ముందే చూసుకోవడం మా పనేనా సార్? ప్రాజెక్టు లక్ష్యం చేరగానే కిక్‌స్టార్టర్ 5 శాతం కోసుకుంటుంది. గేమ్ రాకపోతే ఆ 5 శాతమైనా ఇవ్వొచ్చుగా. అలా వెనక్కి ఇవ్వాల్సి వస్తే లోపలికి ఎవరిని రానివ్వాలో వాళ్లే చూసుకుంటారు.

కావలి_కోడర్:
ఇది మాత్రం ఒప్పుకుంటా. అలాగే డబ్బంతా ఒకేసారి చేతిలో పెట్టడం కూడా తప్పే. డెమో అయ్యాక కొంత, బీటా (పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్) అయ్యాక కొంత అని విడతలుగా విడుదల చేస్తే యోగ్‌వెంచర్స్ లాంటివి సగంలోనే బయటపడేవి. పుణే వాళ్ల 'రాజీ' గేమ్ చూడండి. 2017లో కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరలేదు, కాబట్టి ఎవరి డబ్బూ కట్ కాలేదు. వేరే దారులు వెతుక్కుని 2020లో గేమ్ తెచ్చారు.

అల్లూరు_చెరువుగట్టు:
కోడర్ బాబూ, రేపు నువ్వే గేమ్ పెట్టి డబ్బు అడిగితే నెలనెలా ఖర్చు లెక్క పెడతావా?

కావలి_కోడర్:
మూడు నెలలకోసారి పెడతా. నెలనెలా పెడితే ఒక్కో బిల్లు మీద వందమంది కొట్టుకుంటారు, పని సాగదు.

చీమకుర్తి_ప్లేయర్:
కొట్టుకోనీ. డబ్బు మాదే కదా.

పెన్నా_పిక్సెల్:
మూడు నెలలకోసారైనా నాకు ఓకే. ఈ రాత్రికి ఆ టీమ్‌కి మెయిల్ పెడుతున్నా: డబ్బు అడగను, ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో చెప్పమని అడుగుతా. కోర్టుసెంటర్ సార్, డ్రాఫ్ట్ ఇక్కడే పెడతా, ఒకసారి చూడండి.